కడప రేడియో నుంచి పాలకొలను రేంజ్ దాకా

2025 ఏప్రిల్ 13న కర్నూలు పేరు దేశమంతా టీవీల్లో మోగిపోయింది. వాహనం మీద బిగించిన లేజర్ ఆయుధం గాల్లో తిరుగుతున్న డ్రోన్‌ను కాల్చి కూలగొట్టింది. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లో ఉన్న చెస్ అనే డీఆర్‌డీవో ప్రయోగశాల. పరీక్ష జరిగింది మాత్రం ఓర్వకల్లు మండలం పాలకొలను దగ్గరి నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో. ఆ జులైలోనే డ్రోన్ నుంచి వదిలే చిన్న క్షిపణిని కూడా ఇక్కడే పరీక్షించారు. ఆ సంగతిని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ స్వయంగా ప్రకటించారు.

లేజర్‌తో మంట పుడుతుంది, క్షిపణి వెనక పొగ లేస్తుంది. రెండూ కెమెరాకు చిక్కుతాయి, కాబట్టే వార్తలయ్యాయి. ఈ రేంజ్ అసలు పని మాత్రం కంటికి కనపడదు. ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలను ఆరుబయట పెట్టి పరీక్షించడం ఆ పని. శత్రువు రాడార్ ఎక్కడుందో, వైర్‌లెస్‌లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మొదట పసిగట్టాలి. అవసరమైతే అదే ఫ్రీక్వెన్సీలో అంతకంటే బలంగా రేడియో రొద పోసి వాళ్ల చెవులు గడియలు పడేలా చేయాలి. అవతలివాడు రేపు ఏ ఫ్రీక్వెన్సీ ఎంచుకుంటాడో ఎవరికీ తెలియదు. కాబట్టి ఈ రొద చేసే యంత్రం, అంటే జామర్, పెద్ద పరిధిలో ఎక్కడ అడిగితే అక్కడ గట్టిగా పలకాలి. దాని గుండెకాయ పేరు వైడ్‌బ్యాండ్ పవర్ ఆంప్లిఫైయర్. వియన్నా వాస్తుశిల్పి ఒకరు, స్టాన్‌ఫర్డ్ ఇంజినీర్లు నలుగురు, హైదరాబాద్ చాంద్రాయణగుట్ట ల్యాబ్ దాని చరిత్రలో ఉన్నారు. ఆ దారిలో రాయలసీమ ఊళ్లు కూడా తగులుతాయి.

కర్నూలు నుంచి నంద్యాల పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద ఓర్వకల్లు ఉంది. రోడ్డు పక్కనే ఎవరో పేర్చినట్టున్న బండలను ఇప్పుడు రాక్ గార్డెన్ అంటున్నారు. కేతవరం గుట్టల్లో ఆదిమానవులు గీసిన ఎర్రబొమ్మలున్నాయి. వాన పడితే కంది, పత్తి, పడకపోతే బీడు. 1990ల మధ్యలో ఈ మండలం పేరు మొదటిసారి దూరాలకు పాకింది మహిళల పొదుపు సంఘాల వల్ల. ఆ తర్వాత వచ్చినవన్నీ నేలను వెతుక్కుంటూ వచ్చినవే. 2017లో శకునాల, గని గ్రామాల మధ్య వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పూర్తయింది. 2021 మార్చిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో విమానాశ్రయం తెరిచారు. రెవెన్యూ రికార్డుల్లో బంజరు అని రాసుకున్న భూమికి ఇంత గిరాకీ వస్తుందని పాతతరం రైతులు కలలో కూడా అనుకుని ఉండరు.

జామర్‌కు ఈ నేల ఎందుకు కావాలో చెప్పడం తేలికే. హైదరాబాద్ నడిబొడ్డున దాన్ని ఆన్ చేస్తే సెల్‌ఫోన్లు, వై-ఫై, పోలీసుల వైర్‌లెస్ అన్నీ తికమకపడతాయి. నాలుగు గోడల మధ్య, తరంగాలను మింగేసే నురుగు పిరమిడ్లు అంటించిన గదిలో పరీక్షించొచ్చు గానీ దానికీ హద్దుంది. యాంటెన్నా నుంచి బయలుదేరిన తరంగం చదునుగా స్థిరపడటానికి కొంత దూరం పడుతుంది. రెండు మీటర్ల వెడల్పున్న యాంటెన్నాను 18 గిగాహెర్ట్జ్ దగ్గర కొలవాలంటే దాదాపు 480 మీటర్ల దూరం కావాలి. అంత గది ఎవరు కడతారు? అందుకే గుట్టల మధ్య విశాలమైన ఖాళీ జాగా వెతుక్కున్నారు.

ఈ కథను చివరి నుంచి కాక మొదటి నుంచి చెప్పుకోవాలంటే కడప వెళ్లాలి.

ఆకాశవాణి కడప కేంద్రం 1963లో మొదలైంది. మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ అంటే సీమలో ఒక తరానికి అది కడప అడ్రసే. పొలం గట్టు మీద ట్రాన్సిస్టర్ పెట్టుకుని వ్యవసాయ కార్యక్రమం విన్న రైతుకు ముల్లు ఎక్కడ ఆపాలో చూడకుండానే తెలిసేది. వంద కిలోవాట్ల ఆ ట్రాన్స్‌మిటర్ రోజూ పలికింది ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీలో. ఇంజినీర్‌కు ఇంతకు మించిన సుఖం లేదు. ఉయ్యాలను దాని ఊపుకు తగ్గట్టు తోస్తే చిన్న పిల్లవాడైనా పెద్దమనిషిని ఊపగలడు, వేళ తప్పితే పహిల్వాన్ తోసినా లాభం లేదు. కాయిల్‌ను, కెపాసిటర్‌ను ఒక ఫ్రీక్వెన్సీకి శ్రుతి చేసి పెట్టే రేడియో ఆంప్లిఫైయర్‌కూ ఇదే బలం. వాల్వ్‌లో తనకు తానే ఉండే అనవసర కెపాసిటెన్స్‌ను పక్కన ఒక కాయిల్ పెట్టి రద్దు చేసేస్తారు. ఆ రద్దు ఒక్క ఫ్రీక్వెన్సీలోనే పక్కాగా కుదురుతుంది. కడపకు కావలసిందీ అంతే.

ఈ ఏకశ్రుతి కాలం తెలివైన డిజైన్లు కొన్ని ఇచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో విలియం డోహర్టీ 1936లో రెండు వాల్వుల అమరిక ఒకటి కనిపెట్టాడు. మామూలు సమయంలో ఒక వాల్వు మోస్తుంది, శబ్దం ఉచ్చస్థాయికి చేరినప్పుడు రెండోది భుజం కలుపుతుంది. పెద్ద రేడియో స్టేషన్ల కరెంటు బిల్లు తగ్గించడానికి పుట్టిన ఆలోచన అది. ట్రాన్సిస్టర్లు వచ్చాక పుస్తకాల్లో మిగిలిపోయింది. అరవై, డెబ్భై ఏళ్ల తర్వాత సెల్ టవర్ల వాళ్లు దుమ్ము దులిపి దాన్ని మళ్లీ తీశారు. ఇవాళ 4జీ, 5జీ టవర్లలో అది సర్వసాధారణం. దాని బలహీనత కూడా పాతదే: అందులో పావు తరంగం పొడవున్న ఒక తీగ ఉంటుంది, ఫ్రీక్వెన్సీ మారితే ఆ కొలత తప్పుతుంది. డోహర్టీని వైడ్‌బ్యాండ్ చేయడమెలా అన్న దాని మీద పత్రాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

కడపకు ఆగ్నేయంగా, తిరుపతి దగ్గర గాదంకిలో 1990ల మొదట్లో ఇంకో ఏకశ్రుతి యంత్రం లేచింది. అది ఎంఎస్‌టీ రాడార్, ఫ్రీక్వెన్సీ 53 మెగాహెర్ట్జ్. 130 మీటర్ల చదరంలో 1024 యాంటెన్నాలు. ఆకాశంలోకి అది మొదట్లో పంపిన స్పందన శిఖరాన 2.5 మెగావాట్లు. భూమికి పదుల కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు కదులుతుందో అది తిరిగొచ్చిన సన్నని ప్రతిధ్వనిలో చదువుతుంది. అప్పట్లో దీనికి 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లు, వాటిలో వాల్వులు ఉండేవి. వాల్వు అలసిపోతుంది, ఫిలమెంటు చస్తుంది, హై వోల్టేజి దగ్గర పని చేసేవాళ్లకు ప్రాణభయం. తర్వాత వాటిని తీసేసి ప్రతి యాంటెన్నాకూ ఒక కిలోవాట్ సాలిడ్ స్టేట్ మాడ్యూల్ తగిలించారు. ఒక్క పెద్ద గొంతుకు బదులు 1024 చిన్న గొంతులన్న మాట. వీటిలో పది పాడైనా రాడార్ ఆగదు. ఆంప్లిఫైయర్ల ప్రపంచంలో ఆ కాలమంతా జరిగిన మార్పును ఒకే ఊళ్లో, ఒకే యంత్రంలో చూడాలంటే గాదంకికి మించిన చోటు లేదు. ఆ యంత్రాన్ని నడిపే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, అంటే ఎన్‌ఏఆర్‌ఎల్, ఈ విషయంలో తనకు రావలసినంత పేరు తెచ్చుకోలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అయితే 53 మెగాహెర్ట్జ్ రాడార్ తన ఫ్రీక్వెన్సీ తనే ఎంచుకుంది. జామర్‌కు ఆ స్వేచ్ఛ లేదు.

ఆ ఇరుకు తెలిసొచ్చింది రెండో ప్రపంచ యుద్ధంలో. 1943 జులై 24 రాత్రి బ్రిటిష్ విమానాలు హాంబర్గ్ మీద అల్యూమినియం రేకు అంటించిన కాగితపు పేలికలు కట్టలు కట్టలుగా జారవిడిచాయి. జర్మన్ వూర్ట్స్‌బర్గ్ రాడార్ల తరంగంలో సగం పొడవుకు సరిగ్గా కత్తిరించిన పేలికలవి. తెరల మీద వేలాది బొట్లు కనిపించి ఏది విమానమో తెలియలేదు. దానికి జర్మన్లు చేసిన పనుల్లో ఒకటి రాడార్ ఫ్రీక్వెన్సీని అటూ ఇటూ జరపడం. అదే క్షణం నుంచి ఒక ఫ్రీక్వెన్సీకి శ్రుతి చేసిన జామర్ విలువ పడిపోయింది. అమెరికాలో ఈ పని చూడటానికి హార్వర్డ్‌లో ప్రత్యేకంగా రేడియో రీసెర్చ్ ల్యాబొరేటరీ పెట్టి, దానికి స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు ఫ్రెడరిక్ టెర్మన్‌ను అధిపతి చేశారు.

దీనికి మందు దొరికింది మాత్రం ఇంకోచోట. రుడాల్ఫ్ కాంఫ్‌నర్ వియన్నాలో వాస్తుశిల్పం చదివి లండన్‌లో ఇళ్లు కట్టించిన మనిషి. రేడియో అతనికి సరదా. యుద్ధం రాగానే పరాయి దేశస్థుడని కొన్నాళ్లు నిర్బంధంలో పెట్టారు. తర్వాత అతని సరదా సంగతి తెలిసి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో వాల్వుల పరిశోధనకు పంపారు. అక్కడ 1943లో అతను ట్రావెలింగ్ వేవ్ ట్యూబ్ చేశాడు. అందులో స్ప్రింగులా చుట్టిన సన్నని తీగ ఉంటుంది. రేడియో తరంగం ఆ తీగ వెంబడి చుట్టూ తిరుగుతూ పోవాలి గనక, ముందుకు సాగే వేగం కాంతి వేగంలో పదో వంతుకు పడిపోతుంది. స్ప్రింగు మధ్యలోంచి ఎలక్ట్రాన్ల ధార పోతుంది. రెండున్నర వేల వోల్టులతో తోస్తే ఎలక్ట్రాన్ల వేగమూ కాంతిలో పదో వంతే. రెండూ జోడుగా నడుస్తూ, ఎలక్ట్రాన్ల శక్తి కొంచెం కొంచెంగా తరంగంలోకి దిగుతుంది. ఇందులో శ్రుతి చేయాల్సిన కాయిల్ లేదు. ఏ ఫ్రీక్వెన్సీ వచ్చినా స్ప్రింగు మీద దాదాపు ఒకే వేగంతో పోతుంది, కాబట్టి ఒకే ట్యూబు కింద కొస నుంచి దానికి రెట్టింపు దాకా, అంతకు మించీ పలుకుతుంది. వాస్తుశిల్పి కనిపెట్టిన ఈ గొట్టం 1962 జులైలో టెల్‌స్టార్ ఉపగ్రహం ఎక్కి అట్లాంటిక్ మీదుగా టీవీ బొమ్మలు పంపింది. జామర్ల వాళ్లూ దాన్ని వదల్లేదు. బెంగళూరు జాలహళ్లిలో 1984లో డీఆర్‌డీవో పెట్టిన మైక్రోవేవ్ ట్యూబుల కేంద్రం ఎంటీఆర్‌డీసీ ఈ గొట్టాల కోసమే పుట్టిందంటే తప్పు కాదు.

మరో దారి కూడా ఉంది. అదీ 1936లోనే మొదలైంది. విలియం పెర్సివల్ అనే బ్రిటిష్ ఇంజినీర్ ఒక పేటెంట్ తీసుకున్నాడు. వాల్వులోని కెపాసిటెన్స్‌ను రద్దు చేయాలని అందరూ కొట్టుకుంటుంటే, దాన్నే వాడుకుందామని అతని ఆలోచన. చిన్న చిన్న కాయిళ్ల మధ్య వరసగా నాలుగైదు వాల్వులు తగిలిస్తే, వాటి కెపాసిటెన్స్, ఈ కాయిళ్లు కలిసి ఒక కృత్రిమ తంత్రీమార్గం అవుతాయి. సంకేతం ఆ మార్గం మీద పోతూ ఒక్కో వాల్వునూ తట్టుకుంటూ వెళ్తుంది, అవతల ఇంకో మార్గంలో అన్నిటి బలమూ కలుస్తుంది. మామూలుగా ఆంప్లిఫైయర్లను ఒకదాని వెంట ఒకటి పెడితే బలం గుణకారంగా పెరుగుతుంది, ఇక్కడ కూడికే. ఆ నష్టానికి బదులుగా దొరికేది వెడల్పు. పన్నెండేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1948లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన గింజ్‌టన్, హ్యూలెట్, జాస్‌బర్గ్, నో అనే నలుగురు కలిసి దీని గణితం విప్పిచెప్పారు. ఇందులో హ్యూలెట్ అంటే హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ హ్యూలెటే.

1940ల రెండో సగంలో అదే స్టాన్‌ఫర్డ్‌లో ఒక తెలుగు ఇంజినీర్ చదువుకుని వచ్చాడు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. హోమీ భాభా దగ్గర అణుశక్తి పరికరాల విభాగం నడిపి, 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ స్థాపించారు. దాని చుట్టూ ఉన్న ఏఎస్ రావు నగర్ పేరు ఆయనదే. అంతకు ముందే, 1962లో, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో డిఫెన్స్ ఎలక్ట్రానిక్స్ రీసెర్చ్ ల్యాబొరేటరీ మొదలైంది. అందరూ దాన్ని డీఎల్‌ఆర్‌ఎల్ అంటారు. ఎలక్ట్రానిక్ యుద్ధానికి దేశంలో పెద్దదిక్కు ఇదే, పాలకొలను రేంజ్ వచ్చింది ఈ ల్యాబ్ పని కోసమే. సైన్యం కోసం ఈ ల్యాబ్ బీఈఎల్, ఈసీఐఎల్‌లతో కలిసి చేసిన సంయుక్త అనే వ్యవస్థ 1.5 మెగాహెర్ట్జ్ నుంచి 40 గిగాహెర్ట్జ్ దాకా కాపు కాస్తుందని బయటికి వచ్చిన వివరాలు చెబుతున్నాయి. కింది కొసకు పై కొస ఇరవై ఆరు వేల రెట్లు! ఒక్క ఆంప్లిఫైయర్ ఇంత మేర పలకలేదు. ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో పద్ధతి: కింద ఫెర్రైట్ వలయం మీద తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు, పైన ట్రావెలింగ్ వేవ్ ట్యూబులో, చిప్పులో. నౌకాదళం కోసం ఇదే ల్యాబ్ రూపొందించిన శక్తి వ్యవస్థను 2021 నవంబరులో ఝాన్సీలో ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. ఆ వేదిక మీద చెప్పిన మాటల్లో ఆంప్లిఫైయర్ అన్న మాట వినిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఎప్పుడూ వినపడదు.

ల్యాబ్ ఉన్నచోట పరిశ్రమ మొలుస్తుంది. 1991లో ఈ రంగంలో చెయ్యి తిరిగిన శాస్త్రవేత్తలు కొందరు హైదరాబాద్‌లో ఆస్ట్రా మైక్రోవేవ్ ప్రొడక్ట్స్ మొదలుపెట్టారు. గాలియం ఆర్సెనైడ్ చిప్పుల కోసం డీఆర్‌డీవో గేటెక్ అనే ఫౌండ్రీని ఇదే నగరంలో పెట్టింది. గాలియం ఆర్సెనైడ్ మీదే ఒక మలుపు తిరిగిన సంగతి ఇక్కడ చెప్పాలి. 1982లో అమెరికాలోని రేథియాన్ కంపెనీలో యాల్చిన్ అయస్లీ, అతని సహచరులు పెర్సివల్ ఆలోచనను గోరంత చిప్పు మీద గీసి 1 నుంచి 13 గిగాహెర్ట్జ్ దాకా పలికించారు. వాల్వుల కాలంలో బల్ల నిండా పరుచుకున్న యంత్రం నలభై ఆరేళ్లకు అక్షింత అంత అయింది.

ఇంతా చేసి ఇది ఎందుకంత కష్టం?

ఒక తీగ ముక్కను చూస్తే తెలుస్తుంది. మైక్రోవేవ్ మాడ్యూల్ మూత తీస్తే లోపల బంగారు పూత పెట్టె, అందులో చిప్పులు, వాటిని కలుపుతూ వెంట్రుక కంటే సన్నని బంగారు తీగలు, 25 మైక్రాన్ల మందం. వాటిని మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా అంటిస్తారు, చెయ్యి వణికితే పోయినట్టే. ఒక మిల్లీమీటరు తీగకు దాదాపు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. కడప రేడియో ఫ్రీక్వెన్సీలో అది ఓమ్‌లో వెయ్యోవంతులు ఆరు. అంటే ఉన్నా లేనట్టే. 18 గిగాహెర్ట్జ్ దగ్గర అదే తీగ నూట పదమూడు ఓమ్‌ల అడ్డుగోడ. పావు మిల్లీమీటరు ఎక్కువ తక్కువలకు డిజైన్ మొత్తం మారిపోతుంది. కొన్ని మాడ్యూళ్లలో చిట్టచివర ఒక బంగారు రేకు ముక్కను చెక్క పుల్లతో అటూ ఇటూ జరిపి, మీటరు చూసుకుని, అక్కడే అంటించేవాళ్లు. ఆ చేతివాటం ఉన్న టెక్నీషియన్లను ఏ ల్యాబ్ అయినా కళ్లలో పెట్టుకుని చూసుకుంటుంది.

తీగను చిన్నది చేసినా తప్పనిది ఇంకోటి ఉంది. హెన్రిక్ బోడె 1945లో, రాబర్ట్ ఫానో 1950లో దాన్ని గణితంతో కట్టేశారు. కెపాసిటెన్స్ ఉన్న భారానికి ఒక పరిధి మేరకే చక్కగా జత కలపగలం. పరిధి పెంచితే జత నాణ్యత తగ్గి తీరుతుంది. ఎంత తెలివైన సర్క్యూట్ వేసినా ఆ మొత్తం మారదు, దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదొక్కటే డిజైనర్ చేతిలో ఉంటుంది. కెపాసిటెన్స్ తగ్గించడం, భారాన్ని 50 ఓమ్‌ల ప్రామాణికానికి దగ్గర చేయడం, ఈ రెండే గట్టెక్కించే మార్గాలు.

గాలియం నైట్రైడ్ అక్కడ అక్కరకొచ్చింది. 1993లో అసిఫ్ ఖాన్ బృందం అమెరికాలో ఈ పదార్థంతో హై ఎలక్ట్రాన్ మొబిలిటీ ట్రాన్సిస్టర్ చేసి చూపింది. గాలియం ఆర్సెనైడ్ ట్రాన్సిస్టర్‌కు పది వోల్టులిచ్చి పది వాట్లు రాబట్టాలంటే దాని ముందు ఉండాల్సిన భారం అయిదు ఓమ్‌లు. వోల్టేజిని వర్గం చేసి, పవర్‌కు రెట్టింపుతో భాగిస్తే వచ్చే లెక్క ఇది. అయిదును యాభైకి కలపాలంటే మధ్యలో మెట్లు మెట్లుగా సర్క్యూట్ కావాలి, ప్రతి మెట్టూ వెడల్పును కొంత తింటుంది. గాలియం నైట్రైడ్ 28 వోల్టులు తట్టుకుంటుంది. అవే పది వాట్లకు భారం 39 ఓమ్‌లు. యాభైకి దాదాపు చేరినట్టే! పైగా అంతే పవర్‌కు ట్రాన్సిస్టర్ చిన్నది చాలు, కాబట్టి కెపాసిటెన్సూ తక్కువ. జామర్ల వాళ్లూ, సెల్ టవర్ల వాళ్లూ ఒకేసారి దీని మీద పడింది ఇందుకే.

దీనివల్ల తీరని చిక్కులు లేకపోలేదు. రెండు నుంచి ఆరు గిగాహెర్ట్జ్ దాకా పలికే ఆంప్లిఫైయర్‌ను రెండు దగ్గర గట్టిగా పలికిస్తే దాని రెండో హార్మోనిక్ నాలుగు దగ్గర మోగుతుంది. అది తన పరిధిలోనే ఉంది గనక ఫిల్టర్ పెట్టి ఆపడానికి లేదు, పెడితే నాలుగు దగ్గర పలకాల్సినప్పుడూ ఆగిపోతుంది. ఊళ్ల మధ్య ఇలాంటి పరికరాన్ని ఆన్ చేయడానికి ఎందుకు జంకుతారో దీన్ని బట్టి అర్థమవుతుంది: చెప్పిన చోటే కాదు, చెప్పని చోటా కూస్తుంది.

వేడి సంగతి వేరే. అంత పరిధిలో పలికే ఆంప్లిఫైయర్ మింగిన కరెంటులో పావు వంతు రేడియో శక్తిగా బయటికొస్తే బాగా పనిచేస్తున్నట్టే లెక్క. వంద వాట్లు కావాలంటే నాలుగు వందలు మింగుతుంది, మిగిలిన మూడు వందల వాట్లూ వేడి. అది పుట్టేది కొన్ని చదరపు మిల్లీమీటర్లలో. ఆ వేడిని లాగేసే ఇత్తడి, రాగి దిమ్మలకు చుట్టూ ఉన్న గాలి చల్లగా ఉంటేనే ఊపిరి. మే నెలలో కర్నూలు నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు చూస్తుంది. గాలి పది డిగ్రీలు వేడెక్కితే చిప్పు లోపలా పది పెరుగుతుంది, ఆయుష్షు ఆ మేరకు కరుగుతుంది. ఏసీ గదిలో పాసైన మాడ్యూలు ఎండలో నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే నిక్కచ్చి పరీక్షాస్థలం ఎక్కడ దొరుకుతుంది? సోలార్ పార్కుకు వరమైన ఎండే ఆంప్లిఫైయర్‌కు పగవాడు.

వేడిని ఓడించే పదార్థం ఒకటుంది, దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1891లో ఎడ్వర్డ్ అచెసన్ అనే అమెరికన్ కృత్రిమ వజ్రం చేద్దామని బంకమట్టి, కోక్ బొగ్గు కలిపి కరెంటుతో కాల్చాడు. వజ్రం రాలేదు, గట్టి మెరిసే గింజలు వచ్చాయి. అవి సిలికాన్ కార్బైడ్. సానరాళ్లకు, ఉప్పుకాగితానికి ఆ పొడి ఇప్పటికీ వాడతారు. 1906లో హెన్రీ డన్‌వుడీ ఆ గింజతో రేడియో డిటెక్టర్ చేశాడు. మరుసటి ఏడాది హెచ్‌జే రౌండ్ దాని మీద పది వోల్టులు పెడితే పసుపుపచ్చ వెలుగు రావడం చూసి రెండు పేరాల ఉత్తరం రాశాడు. ఎల్‌ఈడీ చరిత్ర మొదలయ్యేది ఆ ఉత్తరంతోనే. రాగితో పోటీపడేలా వేడిని లాగేస్తుంది గనక, ఇవాళ అధికశక్తి గాలియం నైట్రైడ్ పొరను ఎక్కువగా పెంచేది ఈ సిలికాన్ కార్బైడ్ పలక మీదే. రాడార్లు, జామర్ల స్థాయి భాగాలు ఎగుమతి నియంత్రణ జాబితాల్లో ఉంటాయి, డబ్బిచ్చినా అమ్మేవాళ్లు ముందూవెనకా చూస్తారు. ఢిల్లీలోని డీఆర్‌డీవో సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ ల్యాబొరేటరీ నాలుగు అంగుళాల సిలికాన్ కార్బైడ్ పలకలు సొంతంగా పెంచి, వాటి మీద 150 వాట్ల దాకా ట్రాన్సిస్టర్లు, 40 వాట్ల దాకా చిప్పులు చేసినట్టు 2024 చివర్లో ప్రకటించింది. ఉత్పత్తి ఏర్పాట్లు హైదరాబాద్‌లోని గేటెక్‌లో.

ఓర్వకల్లు ఇక్కడ మళ్లీ తెరమీదికి వచ్చింది, ఈసారి పరీక్షల కోసం కాదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నోడ్‌లలో ఓర్వకల్లు, కడప దగ్గరి కొప్పర్తి రెండూ ఉన్నాయి. 2025 ఆరంభంలో ఇండిచిప్ సెమీకండక్టర్స్ అనే సంస్థ జపాన్‌కు చెందిన యిటోవా మైక్రో టెక్నాలజీతో కలిసి ఓర్వకల్లులో 14 వేల కోట్ల రూపాయలతో సిలికాన్ కార్బైడ్ చిప్పుల కర్మాగారం పెడతామని రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది అక్టోబరు 16న కర్నూలు వచ్చిన ప్రధాని ఓర్వకల్లు పారిశ్రామికవాడకు శంకుస్థాపన చేశారు.

ఒప్పందం వేరు, ఫ్యాక్టరీ వేరు. రాయలసీమ వాళ్లకు శిలాఫలకాలు కొత్త కాదు. పైగా ఇక్కడ అనుకుంటున్న చిప్పులు విద్యుత్ వాహనాలు, ఇన్వర్టర్ల కోసం, జామర్ల కోసం కాదు. రెండిటికీ పదార్థం ఒకటే అయినా పలక ఒకటి కాదు: విద్యుత్ వాహనాల చిప్పుకు కరెంటు పారనిచ్చే పలక కావాలి, గాలియం నైట్రైడ్ ఆంప్లిఫైయర్‌కు దాదాపు పారనివ్వని పలక కావాలి. రెండూ పెరిగేది రెండు వేల డిగ్రీలు దాటిన కొలిమిలో, గంటకు మిల్లీమీటరులో కొద్ది భాగం చొప్పున. ఆ కొలిమి రోజుల తరబడి ఒక్క క్షణం కరెంటు పోకుండా నడవాలి. అడిగినంత కరెంటును ఒడుదొడుకులు లేకుండా రాత్రింబవళ్లు ఇవ్వడం పక్కనున్న వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. దానికి నిల్వ కావాలి, గ్రిడ్ కావాలి, మలినం లేని నీళ్లు కావాలి. ఓర్వకల్లులో ఈ మూడింటిలో ఎప్పుడూ కొరతగా ఉన్నది నీళ్లే.